ఆగకూడని ఆట

“రెండు కంప్యూటర్లు ఒకటే మానిటర్ మీద, ఒకటే కీబోర్డు మీద నడిచే స్విచ్ కావాలె ఎల్లేశన్నా. తక్కువలనే కావాలె. ఇయ్యాల్నే కావాలె,” అంది సుమ.

మానుకోట స్టేషన్ రోడ్డులోని ఆ దుకాణంలో ఎల్లేశ్ విప్పి పెట్టిన సీపీయూ మీది నుంచి తలెత్తాడు.

“గంత పరేషాన్ ఎందుకక్కా? పాత మానిటర్ ఇంకోటి తీస్కపోరాదు.”

“దానికి నా దగ్గర పైసల్లేవు. పెట్ట జాగ గూడ లేదు.”

సుమ ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి టైపు పని చేస్తుంది. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్‌లో వేరే ఏదీ తెరుచుకోదు. రెండోది ఆమె బాపు శామ్యూల్ సార్‌ది. పిడుగుల వానకు దాని మానిటర్ కాలిపోయింది. తన మానిటర్ తీగ పీకి దానికి పెట్టబోతే పిన్ను వంగింది. పిన్నీసుతో సరిచేసేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇంకోసారి వంగితే కంపెనీ పని కూడా పోతుంది.

అయినా బాపు కంప్యూటర్ ఈ సాయంత్రం వెలగాల్సిందే.

శామ్యూల్ సార్ ఎండాకాలంలో చనిపోయాడు. నెల్లికుదురు బడిలో ఆయనతో కలిసి పనిచేసిన దేవ్యా సార్ భూపాలపల్లిలో కోడలు కళావతి దగ్గర ఉంటున్నాడని బాపు చెప్పేవాడు. ఇద్దరికీ చెవులు వినపడేవి కావు. ఫోన్లతో పనిలేక, కంప్యూటర్‌లో చదరంగం ఆడుకునేవారు. ఆట పక్కనే రెండు ముక్కలు రాసుకునేవారు.

చివరి రోజుల్లో బాపు తెర వంక చూసి దిగులు పడేవాడు.

“దేవ్యా ఆట సల్లబడ్డది బిడ్డా. మంత్రినే ఇడిసి పెడుతున్నడు. గుండె మంచిగ లేదేమో. నేను పోయినంక ఆనికి చెప్పకు. ఆట ఆపకు.”

సుమకు అప్పటికి గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు. నేర్చుకుంది. ఏ పాస్‌వర్డూ ఎవరికీ చెప్పని బాపు, ఆ కంప్యూటర్‌లో మాత్రం పాస్‌వర్డ్ అడగకుండానే ఆట తెరుచుకునేలా ఉంచి పోయాడు. ఆమె తప్పులు చేసినా దేవ్యా సార్ పట్టుకోలేదు. ఆయన ఎత్తులు బడి విడిచిన వేళకే వచ్చేవి. మందులు మింగి పగలంతా పడుకుంటున్నాడేమో అనుకుంది. కళావతికి ఫోన్ చేసి అడగడానికి భయం. గొంతే పట్టిస్తుంది.

‘ఎత్తు రాకుంటె బస్సెక్కి వస్త,’ అని ఎప్పుడో ఒకసారి రాశాడు దేవ్యా సార్. ఇప్పుడు వానపడ్డ నాటి నుంచి ఎత్తు పోలేదు. వస్తే ఆయన గుమ్మంలో ఏం చూస్తాడు?

ఎల్లేశ్ రెండు డబ్బాలు తీసి ముందు పెట్టాడు.

“ఇది నాలుగిటిది, మనకు దండుగ. ఇది రెండిటిది, అగ్గువ. కానీ మార్చినప్పుడల్లా ఒక్కోపారి కీబోర్డును మర్చిపోతది.”

“మర్చిపోతె ఎట్లన్నా? అవతల మనిషి ఎదురుసూస్తుంటడు.”

“అవతల కలెక్టరున్నడా ఏంది?” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను నవ్వు ఆపి, అర వెనుక వెతికి దుమ్ము పట్టిన మరో డబ్బా తీశాడు. “ఇది మోటుది. ఒకటే బటన్. టక్కున ఒత్తితే ఇది, మళ్ల ఒత్తితే అది. మరుపు లేదు. తీగలు గూడ దీంట్లనే ఉన్నయి. నువ్వు ఇయ్యగలిగినంత ఇయ్యి.”

ఇంటికొచ్చి తీగలు బిగించింది. బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. తీగ కొంచెం లోపలికి నొక్కింది.

చదరంగం వెలిగింది.

‘శామ్యూల్, ఏమైందిరా? పానం బాగున్నదా?’ అని ఉంది. దేవ్యా సార్ మళ్లీ మంత్రిని ఏనుగుకు ఎదురుగా వదిలేశాడు. దాన్ని చంపడానికి చేయి రాలేదు. సుమ ఒక బంటును ముందుకు జరిపింది.

‘పిడుగు పడి మానిటర్ కాలిందిరా. నేను మంచిగనే ఉన్న,’ అని బాపు రాసినట్టే రాసింది.

‘ఇంకేం కావాలె. ఆట ఆపకు,’ అని వెంటనే జవాబు వచ్చింది.

సుమ బల్ల మీద తల వాల్చింది. తర్వాత బటన్ నొక్కి కంపెనీ పనిలో పడింది.

భూపాలపల్లిలో, బడి నుంచి వచ్చి ఆట ముందు కూర్చున్న కళావతి ఊపిరి పీల్చుకుంది: మామ దేవ్యా పోయిన చలికాలంలోనే కన్నుమూసిన సంగతి శామ్యూల్ సార్‌కు ఇంకా తెలియలేదు.