వెంటపడ్డ కారు

"తాళం ఇలా ఇయ్యి అన్నయ్యా."

"ఈ వానలో నేనే బండి తియ్యట్లేదు. ఆడదానివి, నువ్వు తీస్తావా?" అన్నాడు విన్సెంట్.

కేథరిన్ అతని చేతిలోంచి తాళం లాక్కుంది.

ఆ సాయంత్రం సముద్రపు పాయకు అవతల, బతు బస్తీ తెలుగు చర్చిలో పెళ్లి. మూడంతస్తుల కేకు కేథరిన్‌ది. వింబర్లీగంజ్‌లో ఇంట్లోనే ఓవెన్ పెట్టుకున్నాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. ఇది చేరకపోతే ఇంకెవరూ ఆమెను కేకు అడగరు. అడగకపోతే బాగుండునని విన్సెంట్‌కు లోపల్లోపల ఉందేమో, అదీ చెప్పలేం.

కేకు పెట్టెలు వెనక సీటు నిండా పేర్చి, బాంబూఫ్లాట్ జెట్టీకి బయల్దేరింది. కార్లను అవతలి ఒడ్డుకు దాటించే ఫెర్రీకి ఆ రోజు అదే ఆఖరి ట్రిప్పు.

వాన కుండపోతగా కురుస్తోంది. పట్టపగలే చీకటి కమ్మింది. కేథరిన్ లైట్లు వేసుకుని, కేకుకు కుదుపు తగలకుండా నెమ్మదిగా పోనిస్తోంది. రోడ్డు మునిగిన చోట ఆగి, ముందు వెళ్లిన ఆటో చక్రాలు ఎంత మునిగాయో చూసి మరీ దాటింది.

అప్పుడు వెనక ఓ కారు తగులుకుంది.

హారన్ కొట్టింది. లైట్లు ఆర్పి వెలిగించింది. మళ్లీ హారన్ కొట్టింది.

ఆవిరి పట్టిన అద్దంలో, పెట్టెల సందులోంచి రెండు దీపాలు తప్ప ఆమెకు ఇంకేమీ కనపడలేదు.

"ఆడది నడుపుతోందని తెలిసిపోయినట్టుంది మహానుభావుడికి" అనుకుంది.

పక్కకు తీసి దారి ఇచ్చింది. అతగాడు దాటలేదు. తనూ ఆగాడు. మళ్లీ లైట్లు.

అటూ ఇటూ అడవి. మనిషి జాడ లేదు. కేథరిన్ తలుపులు లాక్ చేసుకుంది. భయపడిన కొద్దీ మొండితనం పెరిగింది.

"రా. ఎంత దూరం వస్తావో నేనూ చూస్తా" అని బండి పోనిచ్చింది.

వచ్చాడు. దగ్గరకు రాడు, దాటిపోడు, వదలడు. రెండు పక్కలా ఇండికేటర్లు మిణుకుమిణుకుమనిపిస్తూ పెళ్లి ఊరేగింపులా వెంటే ఉన్నాడు.

ఒకచోట వెనక నుంచి లారీ ఒకటి దూసుకొచ్చింది. పెద్దగా హారన్ కొట్టి, రెండు కార్లనూ ఒకేసారి తప్పుకుని దాటిపోయింది.

"లారీవాడికున్న మర్యాద కూడా లేదు వీడికి" అని పళ్లు నూరింది కేథరిన్.

జెట్టీ చేరి, కారును ఒక్క కుదుపు లేకుండా ఫెర్రీలోకి ఎక్కించింది. విన్సెంట్ అక్కడ ఉండి చూడాల్సింది.

"ఇంకో గాడీకి జగా ఉంది" అంటూ బోటు కళాసీ సత్యారావు వెనక కారుకు చెయ్యి ఊపబోయాడు.

"రానివ్వకు భయ్యా. దారంతా నా వెంటపడి సతాయించాడు. వాడు ఎక్కితే నేను పోలీసుల్ని పిలుస్తా."

సత్యారావు ఆ కారుకేసి ఉరిమి చూశాడు. ర్యాంపు లేపించేశాడు.

ఫెర్రీ కదిలింది. ఒడ్డునే ఆగిపోయిన దీపాలను చూసి కేథరిన్ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

చక్రాల కింద దిమ్మలు పెట్టడానికి ఆమె కారు వెనక్కి వెళ్లిన సత్యారావు అక్కడే నిలబడిపోయాడు.

"దీదీ, బత్తీలు ఏసే ఉన్నాయా?"

"ఆఁ. ముందు వెలుగుతున్నాయి కదా."

"ఎనకాల లేవు. బ్రేకు ఓపాలి తొక్కండి."

తొక్కింది.

"అదీ లేదు. ఏటి దీదీ, దారంతా ఇలాగే వచ్చీసినారా? ఈ వానలో ఎనకాల వచ్చినోడికి మీ గాడీ అగుపడదు. ఏ లారీయో గుద్దీసును కదా."

కేథరిన్‌కు ఆ లారీ గుర్తొచ్చింది. అది తప్పుకున్నది తనను చూసి కాదు. తన వెనక మిణుకుమంటున్న దీపాలను చూసి.

సిగ్గుతో మొహం వేడెక్కింది.

"వెనక్కి తిప్పించు భయ్యా. ఆ కారును ఎక్కించుకుందాం."

"ఆఖరి ట్రిప్పు కదా దీదీ, ఇంక తిరగదు. ఆళ్లు రోడ్డంట చుట్టు తిరిగి పోవాల్సిందే."

కేథరిన్ కారు దిగి, తడుస్తూనే రెయిలింగు దగ్గరికి పరిగెత్తింది.

ఒడ్డున ఆ కారు తలుపు తెరుచుకుంది.

దూరమవుతున్న ఫెర్రీకేసి చూస్తూ ఆ వానలోకి ఒంటరిగా దిగింది, కొంగు నడుముకు దోపుకున్న ఓ ముసలావిడ.