పన్నెండు నిమిషాల డౌన్‌టైమ్

"మళ్ళీ ఆగిందా?" అంది కాలరమ్మ, తన మెషిన్ ఆపకుండానే. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టీ కుట్టీ ఆమెకి ఆ పేరే మిగిలింది.

ఎదురు మెషిన్ మీది కొత్తపిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. "ఆగింది పిన్నీ. రిజిస్టర్లో డౌన్‌టైమ్ అని రాశారు. అంటే ఏంటి? నన్ను తిడతారా?"

అటే వెళ్తున్న సూపర్‌వైజరు ఆగాడు. "భోజనానికి మనం ఆపితే డౌన్‌టైమ్ కాదు. నడవాల్సిన వేళ అది మొరాయించి కూర్చుంటే, ఆ టైమంతా డౌన్‌టైమ్. తప్పు మెషిన్‌ది, నీది కాదు. అది రాస్తేనే మెకానిక్ లైన్లోకి వస్తాడు."

వచ్చాడు మెకానిక్. పెట్టె తెరవకముందే నోరు తెరిచాడు. ఏం చెప్పాడో, పిల్ల పకపకా నవ్వింది.

ఈ వారంలో ఇది నాలుగోసారి. కాలరమ్మ లెక్కపెడుతూనే ఉంది. తన మెషిన్ మూడేళ్ళుగా ఒక్క పూటైనా ఆగలేదు. రోజూ నూనె వేసి, దుమ్ము దులిపి, పసిబిడ్డలా సాకింది. ఇప్పుడు దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

"చూపుల్తోనే కాల్చేస్తావా ఆ పిల్లని?" పక్కనున్న గుండీలక్క మోచేత్తో పొడిచింది.

"నాకేం పని?"

"అవునవును. అందుకే కాలరు తలకిందులుగా కుడుతున్నావు."

చూసుకుంది. నిజమే.

మర్నాడు, ఎవరూ చూడకుండా, సూది బిగించే స్క్రూని రెండు చుట్లు వదులు చేసింది. మూడో కాలరుకే సూది జారిపోయింది.

"సార్, డౌన్‌టైమ్ రాయండి."

"నీ మెషినా!" సూపర్‌వైజరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

మెకానిక్ వచ్చి వంగాడు. "ఈ స్క్రూ దానంతటది ఊడదే?"

"నన్నడిగితే? బిగించండి."

"మెషిన్ని మాత్రం అద్దంలా పెట్టుకున్నావు."

ఆమె చెవులు వేడెక్కాయి.

"తిన్నావా?" అన్నాడు.

"ఊఁ. మీరు?"

"తిన్నా." నవ్వాడు, అచ్చం ఆ పిల్లతో నవ్వినట్టే. "ఉండు, బెల్టు కూడా చూస్తా."

బెల్టుకి ఏమీ కాలేదని ఇద్దరికీ తెలుసు.

సూపర్‌వైజరు పన్నెండు నిమిషాలని రాశాడు. ఆమె ఆ అంకెని రెండుసార్లు చదువుకుంది.

ఆరింటికి బెల్లు కొట్టాక ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ, రోజూలాగే, మాటా పలుకూ లేకుండా ఇంటికి నడిచారు.