ఇచ్చుకున్న మాట

తలుపు తోసుకుని హాల్లోకి అడుగుపెట్టిన సుప్రియ అక్కడే ఆగిపోయింది.

ముందు వరసలో కూర్చున్న మనిషి వీపు ఆమెకు తెలుసు. ఆ నీలం చొక్కా కూడా తెలుసు. పొద్దున తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది.

ఏలియా. ఆమె భర్త.

చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందన్నాడు. సాయంత్రం దాకా రానన్నాడు. ఇప్పుడేమో కాడుగోడిలోని ఈ పరిశోధన సంస్థలో, మెడకు టై బిగించుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. అతని ఎదురుగా మూసి ఉన్న గదిలోనే అంతర్జాతీయ కంటిచూపు పరిశోధన పీహెచ్‌డీ సీట్లకు ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి.



ఇద్దరూ ఒకే కాలేజీలో కంటిచూపు పరీక్షల కోర్సు ఆప్టోమెట్రీ చదివారు. ప్రేమించుకున్నదీ అక్కడే. ఇప్పుడు అతను అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఆమె సర్జాపుర రోడ్డులోని కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. ఎప్పటికైనా పరిశోధన చేయాలన్నది ఇద్దరి కల. కానీ ఈ కార్యక్రమంలో ఎంపికైనవాళ్లు కొన్నేళ్లపాటు దేశం మారుతూ పని చేయాలి. ఇంట్లోవాళ్లను వెంట తీసుకుపోయే వీలుండదు.

ప్రకటన వచ్చిన రోజు ఇంట్లో ఇద్దరికీ అన్నం సహించలేదు. చివరికి ఏలియానే ఆ మాట ఎత్తాడు.

“కెజియా బడికి పోయేదాకా మనిద్దరం అప్లై చేయొద్దు సుప్రియా. ఒకరు పోయి ఒకరు మిగిలితే బిడ్డ ఏమైపోవాల?”

సుప్రియ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ మోకరించి ప్రార్థన చేశారు. పాప తల మీద చెయ్యి పెట్టి ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు.

ఆ చెయ్యే ఇప్పుడు ఫైలు మీద ఉంది.

“రండి మేడమ్, కూర్చోండి,” అంది బల్ల దగ్గరున్న నేత్రావతి. అక్కడ పేర్లు పిలిచేది ఆమే.

ఆ మాటకు ఏలియా తల తిప్పాడు. భార్యను చూశాడు. ఫైలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“బయటికి రా,” అంది సుప్రియ.

వరండాలోకి నడిచారు. కింద రోడ్డు మీద ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి.

“ఇదేనా పాటల ప్రాక్టీసు?”

“సుప్రియా... నువ్వు చందాపురలో కంటి పరీక్షల క్యాంపుకు పోతాననింటివి గదా?”

“నా సంగతి అడగొద్దు. నీ సంగతి చెప్పు.”

ఏలియా టై వదులు చేసుకున్నాడు. “జయరామప్ప చెప్పినాడా నీకు?”

జయరామప్ప అతనితో పాటు కాలేజీలో పనిచేసే స్నేహితుడు.

“ఓహో! ఊరందరికీ తెలుసన్నమాట. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని.”

“అది కాదు. సెలెక్ట్ అయితే చెప్దామనుకున్నా. కాకపోతే నీకు తెలియకుండానే పోతుంది కదా అని...”

“ఏం టాపిక్ పెట్టినావు?”

అతను ఫైలు వెనక్కి పెట్టుకున్నాడు.

“చెప్పు.”

“చంటిబిడ్డల చూపులో లోపం ముందే కనిపెట్టేది. మనం అనుకున్నదే.”

“మనం!” సుప్రియ గొంతు పెంచింది. “పాపను ఒళ్లో వేసుకుని ఇద్దరం అనుకున్నాం దాన్ని. కింద ఎవరి పేరు రాసినావు?”

“నాదే.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. ఏలియా భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించింది.

“ముట్టుకోవద్దు. దేవుని ముందర మోకరించి ఇచ్చిన మాట అది. నువ్వు ఇంకో ఆడదానితో పోయినా ఇంత బాధ ఉండేది కాదు నాకు. ఇల్లు, బిడ్డ నాకు. చదువు, పేరు నీకు. అంతేనా?”

“అట్ల అనొద్దు.”

“ఎట్ల అనాల? నువ్వే చెప్పు, దీన్ని ఏమంటారు?”

ఏలియా తల దించుకున్నాడు. తల ఎత్తేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“మోసమే అంటారు,” అన్నాడు. “నాదే తప్పు. ఎన్ని రోజులుగానో నీ మొహం చూడలేకపోతాండా సుప్రియా.”

తిరిగి హాల్లోకి వెళ్లాడు. ఆమె వెనకే వెళ్లింది.

“మేడమ్, నా పేరు తీసేయండి,” అన్నాడు నేత్రావతితో. “నేను ఇంటర్వ్యూకి రావడం లేదు.”

“అయ్యో, అదేంటి సార్! లోపలున్న క్యాండిడేట్ వచ్చేస్తే మిమ్మల్నే పిలుస్తారు. ఇంత దూరం వచ్చి వద్దంటే ఎట్ల?”

“వద్దు మేడమ్. నేను వచ్చుండకూడదు.”

నేత్రావతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెన్ను తీసి అతని పేరు కొట్టేసింది.

ఏలియా ఫైలును రెండుగా మడిచి సంచిలో కుక్కాడు. టై విప్పేశాడు.

“ఇంటికి పోదాం పా,” అన్నాడు మెల్లగా.

“నువ్వు పో. నీ పక్కన కూర్చుని బస్సులో ఇప్పుడు నేను రాలేను.”

అతను తలూపాడు. “సరే. పాపను పొద్దున వదిలిన ప్రమీలత్త ఇంటి నుంచి నేనే తెచ్చుకుంటా. వంట కూడా చేసి పెడతా. నువ్వు నిదానంగా రా.” గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. “ఇంకెప్పుడూ నీ దగ్గర ఏదీ దాచను సుప్రియా. నన్ను నమ్ము.”

సుప్రియ చూపు తిప్పుకుంది.

మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వినబడకుండా పోయేదాకా నిలబడింది. తర్వాత కుర్చీలో కూలబడి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మూసి ఉన్న గదిలో నుంచి ఒకతను బయటికి వచ్చాడు. లోపల గంట మోగింది.

“సుప్రియ అంటే మీరే కదా మేడమ్, ఆ సార్ వెళ్లిపోయారు కాబట్టి ఇప్పుడు మీ ఇంటర్వ్యూనే,” అంటూ నేత్రావతి తలుపు తెరిచి పట్టుకుంది.