కోడలి బూట్లు

కొండల పార్కులో పై సరస్సు దాకా నడకకు బయల్దేరాం. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, మెల్లగా వెళ్దామంది కోడలు.

“నన్ను ముసలాణ్ణనుకున్నావా?” అని నేనే ముందు నడిచాను.

మలుపు మలుపుకీ వెనక నుంచి ఒకటే కేక. “ఆగండి మామయ్యా, బూటు లేసు ఊడింది!”

విసుక్కుంటూ బండ మీద కూలబడేవాణ్ణి. “లేసు కట్టుకోవడం కూడా మీ అమ్మ నేర్పలేదా?”

నవ్వుతూ బూటు మీదికి వంగేది.

సరస్సు దగ్గర బూట్లు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుంది. ఒడ్డున ఆ బూట్లు చూశాను. రెండూ పట్టీలతో అంటించుకునేవి. లేసులే లేవు.

నా రొప్పు ఆమెకి మొదటి మలుపులోనే వినపడి ఉంటుంది. తల కొట్టేసినట్టయింది.

దిగేటప్పుడు నేనే పిలిచాను. “ఆగమ్మా. నా మోకాళ్లు వణుకుతున్నాయి.”