నొప్పి ఉందన్నవాళ్లు ముందుకు

తెల్లారితే చాలు, జాలారిపేటలో ప్రతి గోడమీదా అద్దం మేలుకుని నోరు తెరవమనేది. సర్కారు ఇంటింటికీ బిగించిన అద్దమది. యర్రాయమ్మ అంగిట్లో కేన్సరు తెల్లమచ్చని పోయిన వానాకాలమే పట్టేసింది. ఆపరేషన్‌ వరసలో ఆమె వంతు మాత్రం నాలుగువేల పన్నెండోది. రోజూ నోరు చూపించి, అద్దం అడిగినదానికి జవాబు చెప్పాలి. నొప్పి ఉందన్నవాళ్లు ముందుకు జరుగుతారు, లేదన్నవాళ్లు వెనక్కి పోతారు.

"నొప్పి ఉందా?" అని అడిగితే యర్రాయమ్మకి నవ్వొచ్చేది.

"నలభై ఏళ్లు అడ్డపొగ తాగినదాన్ని. చుట్ట మండే కొసే నోట్లో ఎట్టుకున్నాను. నాకేటి నొప్పి?"

"ఉందని సెప్పమ్మా, నీ కాళ్లట్టుకుంతాను," అని కూతురు నూకరత్నం చంటిదాన్ని చంకనేసుకుని బతిమాలేది.

"ఛీ, అద్దం కాడ ఏడుపేటే? పేటంతా ఇంటాది!"

వంతు అయిదువేలు దాటింది.

ఆ శుక్రవారం యర్రాయమ్మకి గంజి కూడా దిగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, ఉందని చెప్పడానికే అద్దం ముందుకి వచ్చింది. దవడ విచ్చుకోలేదు, మాట పెగల్లేదు. కన్నీళ్లతో తల ఊపుతూనే ఉంది.

"జవాబు రాలేదు. మీ పేరు వరస చివరికి మార్చాం."

నూకరత్నం తల్లిని పక్కకి జరిపి, తనే అద్దం మీదికి వంగి అరిచింది.

"నొప్పి! మాయమ్మకి నొప్పి!"

తెరుచుకున్న ఆ నోటిని అద్దం ఓపిగ్గా లోపలిదాకా చూసింది.

"మీ నోరు ఆరోగ్యంగా ఉంది, నూకరత్నం గారూ. రేపు కలుద్దాం."