నడుమ జాగా

దేశం కాని దేశంలో, ఇబ్రి పట్నం దాటాక కొండ మీదున్న మేకల దొడ్డిలో పోశెట్టి డ్యూటీకి చేరి వారమైంది. చలికి తొట్టిలో నీళ్లు గడ్డకడుతున్నాయి. చీకటి పడితే మేకలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి. మంద నడుమ మాత్రం ఒక మనిషి పట్టేంత జాగా వదిలేస్తాయి.

ఆ సాయంత్రం పికప్‌లో గడ్డి తెచ్చిన ఎహసాన్‌ని అడిగాడు.

"నడుమ ఆ జాగ ఎందుకిడుస్తున్నయి భాయ్?"

"నీకన్నా ముందున్నోడు చలికి ఆగలేక వాటి నడుమనే పండుకునేటోడు. అలవాటు పడ్డయ్ కావొచ్చు."

"ఇప్పుడు యాడున్నడు?"

ఎహసాన్ బండి స్టార్ట్ చేశాడు. "నువ్వు రూములనే పండు తమ్మీ. ఎంత చలైనా అటు పోకు."

రాత్రి రూము గుమ్మం దగ్గరికొచ్చి ఒక మేక ఈనింది. మళ్లీ లేవలేదు. తడి ఆరని పిల్ల వణుకుతూ అరుస్తోంది. అరుపు సన్నబడుతోంది. పొయ్యిలోకి కట్టెలు అయిపోయాయి. ఇక మంద వెచ్చదనమే దిక్కు. పోశెట్టి పిల్లను గొంగడిలో చుట్టుకుని, మేకలను తప్పించుకుంటూ ఆ జాగా దాకా వెళ్లాడు. దించబోతూ మట్టి మీద చేయి పెట్టాడు. ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పక్కలా వెచ్చగా ఉంది.

పిల్ల అరుపు ఆపేసింది. గాలి కూడా ఆగింది. ఒక్క మేకా నెమరు వేయడం లేదు.

కాసేపటికి అవి కదిలాయి. తొందరేమీ లేకుండా, ఒకదాని వెంట ఒకటి జరిగి, ఆ జాగా పక్కనే ఇంకో జాగా ఇచ్చాయి.

సరిగ్గా పోశెట్టి పట్టేంత.