ముఖ పరిచయం

"మిసెస్ పాస్కో! గొడుగు! గొడుగు తీసుకురండి!"

కారు అద్దం వేలెడంత దించి కేకేశాడు బ్రెట్ మడిగన్. నోయెలీన్ పాస్కో చేతిలోని బూజుకర్ర గోడకి ఆనించి, గొడుగు తీసుకుని గేటు దాటింది. ఎదురుగా యూకలిప్టస్ కొమ్మ మీద నలుపూ తెలుపూ మాగ్‌పై పక్షి ఒకటి, మెడ వాల్చి కారులోకే చూస్తోంది.

"ఉందా?"

"ఉంది. నీ కోసమే కూచున్నట్టుంది."

"జోకులెయ్యకండి. ఇక్కడ నా ప్రాణాలు పోతున్నాయి."

ఇక్కడ వసంతం మొదలయ్యే సెప్టెంబరు నెల. గూట్లో పిల్లలుంటాయి కాబట్టి మగపక్షికి అయినదానికీ కానిదానికీ కోపమే. బ్రెట్ నెత్తి మీద సైకిల్ హెల్మెట్, పక్షి మీదికి రాకుండా దాని నిండా ముళ్ళపందిలా నిక్కబొడుచుకున్న ప్లాస్టిక్ పట్టీలు, వెనకవైపు మార్కరుతో గీసిన రెండు పెద్ద కళ్ళు. మెడ కింద మాత్రం ఇస్త్రీ నలగని సూటు. ఊళ్ళో ఇళ్ళమ్మే ఆఫీసు ఒక్కటే, అందులో అమ్మేవాడు అతనొక్కడే.

చిన్నప్పుడూ ఇంతే. స్కూలు బస్సు నడిపేది నోయెలీనే కాబట్టి ఆవిడకి బాగా తెలుసు. వసంతం వచ్చిందంటే బ్రెట్ తన స్టాపులో దిగేవాడు కాదు, సీటు పట్టుకుని ఏడ్చేవాడు. ఆవిడే బస్సాపి, గొడుగు పట్టి, వాళ్ళింటి గేటు దాకా దిగబెట్టేది.

ఇప్పుడతను ఆవిడ అద్దెకుంటున్న ఇంటినే అమ్మడానికొచ్చాడు. తప్పు అతనిది కాదు. బ్రిస్బేన్‌లో ఉన్న ఓనరు అమ్మెయ్యమన్నాడు. ఇల్లు పోతే నోయెలీన్ బస్సూ పోయినట్టే. అది పట్టేంత పెరడున్న అద్దె ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదు. బస్సు పెట్టుకునే చోటు లేనివాళ్ళకి స్కూలు వాళ్ళు పని ఇవ్వరు. ఒక్కటే ఆశ ఉంది. ఈ నెలాఖరుకి బేరం కుదరకపోతే ఆవిడకే రెండేళ్ళ లీజు రాసిచ్చెయ్యమన్నాడు ఓనరు. ఇవాళ ఆఖరి శనివారం.

"నా పక్కనే నడువు. పరిగెత్తకు," అంది నోయెలీన్.

బ్రెట్ కాలు బయట పెట్టాడో లేదో పక్షి కొమ్మ వదిలింది. గొడుగు కిందనుంచి దూసుకొచ్చి చెవి దగ్గర టక్కుమని ముక్కు ఆడించి పోయింది. బ్రెట్ గడ్డిలో బోర్లా పడ్డాడు. ఇల్లు చూద్దామని వచ్చిన జంట, తోపుడుబండిలో చంటిపిల్లతో సహా, గేటు దగ్గర నోరెళ్ళబెట్టి నిలబడ్డారు.

"చాలా... ప్రశాంతమైన వీధండీ," అన్నాడు బ్రెట్, లేవకుండానే.

"మిమ్మల్నేం చెయ్యదమ్మా. మేమంతా ఇక్కడే తిరుగుతాం. ఇతన్ని తప్ప ఎవర్నీ ఏమీ అనదు," అంది నోయెలీన్. ఆ మాట నిజమే.

"ఇవాళ ఈయన, రేపు మా పిల్ల," అంది ఆ అమ్మాయి. తోపుడుబండి అప్పటికే వెనక్కి తిరిగింది.

ఈ వసంతంలో ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ అలాగే పోయారు.

లోపల నోయెలీన్ టీ పోసి, కొబ్బరి అద్దిన చాక్లెట్ కేకు ముక్క పెట్టింది. హెల్మెట్ తియ్యకుండానే తిన్నాడు బ్రెట్.

"నేనేం చేశాను దానికి? సెప్టెంబరుకి ముందసలు ఈ వీధి మొహమే చూళ్ళేదు. గేటు దగ్గర అమ్మకం బోర్డు పాతింది కూడా మా కుర్రాళ్ళే."

"అవి మొహాలు గుర్తుపెట్టుకుంటాయి బాబూ. గూటి జోలికొచ్చిన మొహాన్ని ఏళ్ళ తరబడి వదలవు."

"గూడెక్కడుందో కూడా నాకు తెలీదు! బోర్డు మీద నా ఫొటో చూసి ఒళ్ళు మండిందంటారా?"

కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది. దాని మీద మనిషి తలంత బ్రెట్ తల, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"నవ్వు కాస్త ఎక్కువైంది," అంది నోయెలీన్.

"మొదటి బోర్డులో ఇంకా ఎక్కువుండేది. ఆగస్టు గాలికి అది ఎగిరిపోవడమే మంచిదైంది." కప్పు కింద పెట్టి నిట్టూర్చాడు. "ఇంక నావల్ల కాదు. రాత్రిళ్ళు కల్లోకి కూడా అదే వస్తోంది. ఓనరుకి ఫోన్ చేస్తాను. మీరే ఉండండి ఇక్కడ."

అక్కడికక్కడే చేసేశాడు. ఓనరు అవతల ఏదో గొణిగాడు గానీ చివరికి సరేనన్నాడు. నోయెలీన్ సింకు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పెరట్లో పసుప్పచ్చ బస్సు ఎప్పటిలాగే కదలకుండా నిలబడి ఉంది.

మళ్ళీ గొడుగు పట్టి అతన్ని కారెక్కించింది. తలుపు వేసుకుని, అద్దం మళ్ళీ వేలెడంత దించాడు బ్రెట్.

"చిన్నప్పుడూ మీరే, ఇప్పుడూ మీరే. మీరు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో."

ఆ మాటకి నోయెలీన్ మనసు చివుక్కుమంది. మిగిలిన కేకంతా డబ్బాలో పెట్టి ఆఫీసుకి పంపాలనుకుంది.

కారు మలుపు తిరిగాక, బూజుకర్ర కొసకి చిక్కుకున్న యూకలిప్టస్ ఆకులు దులిపి, తీసుకెళ్ళి బట్టలుతికే గదిలో, తలుపు వెనక పెట్టింది. అక్కడే మేకుకి ఎలాస్టిక్ తాడుతో వేలాడుతున్న దాన్ని తీసి చెత్తబుట్టలో వెయ్యబోయి, ఆగింది. లీజు రెండేళ్ళే కదా. మళ్ళీ మేకుకే తగిలించింది.

మొదటి బోర్డులోంచి కత్తిరించిన బ్రెట్ ముఖం, కళ్ళ చోట రెండు చిల్లులతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.